పంటి పింగాణి, కార్ఖానా పింగాణి



పంటి పైపొర అయిన ఎనామెల్‌ను మన పాఠ్యపుస్తకాలు పింగాణి పొర అంటాయి. వంకర పళ్ళను సరిచేయడానికి నేడు ఆ పొరమీద మరొక పింగాణిని అతికిస్తున్నారు. స్టీలు క్లిప్పులు పైకి కనబడతాయని, పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ క్లిప్పులు కావాలని పిల్లలు కోరుతున్నారు. కందిబద్దంత ఉండే ఆ బిళ్ళ చరిత్ర వైద్యశాలలో కాదు, మోటారు ఇంజిన్లలో మొదలైంది.

ఇంజిన్లో పెట్రోలుకు నిప్పంటించే స్పార్క్ ప్లగ్గును మీరు చూసే ఉంటారు. విద్యుత్తు పక్కదారి పట్టకుండా ఆపేది అందులోని తెల్లని భాగమే. ఇంజిన్ల వేడి, పీడనం పెరిగేకొద్దీ పాత పింగాణి నిలువలేకపోయింది. 1930లలో దాని స్థానంలోకి అల్యూమినా రాసాగింది. కాఠిన్యాన్ని చెప్పే మోస్ కొలమానంలో వజ్రం 10 అయితే అల్యూమినా 9; మన ఎనామెల్ సుమారు 5. అంత గట్టి పదార్థాన్ని చెక్కడం కష్టం కనుక, పొడిగా ఉన్నప్పుడే దానికి రూపమివ్వాలన్న ఆలోచన వచ్చింది. అమెరికాలో స్పార్క్ ప్లగ్గుల పరిశ్రమలో పనిచేసిన కార్ల్ ష్వార్ట్స్‌వాల్డర్ ఈ పద్ధతిని గురించి 1949లో వ్యాసం ప్రచురించారు.

పద్ధతి ఇది. మెత్తని అల్యూమినా పొడిని కరిగిన మైనంతో, ప్లాస్టిక్‌తో ముద్ద చేస్తారు. ప్లాస్టిక్ సీసా మూతలను పోసినట్టే, ఆ వేడి ముద్దను ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. ఇంతవరకు సులువే. లోపలి మైనాన్ని బయటకు తీయడంలోనే చిక్కంతా ఉంది. పచ్చికుండను ఆరబెట్టకుండా ఆవంలో పెడితే ఏమవుతుందో కుమ్మరిని అడగండి. ఇక్కడా అంతే, తొందరపడితే మైనం వాయువుగా మారి వస్తువును ఉబ్బించి పగలగొడుతుంది. మందమైన వస్తువులకు రోజులు పట్టేది. అందుకే ఈ పద్ధతి ముఖ్యంగా చిన్న, పలుచని వస్తువులకే కుదిరింది. మైనం పోయాక దాదాపు 1600 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని, ప్రతి కొలతా 15 నుండి 20 శాతం తగ్గుతుంది. కనుక అచ్చును ముందే అంత పెద్దదిగా చేస్తారు.

1980ల ద్వితీయార్ధంలో అల్యూమినా బిళ్ళలు దంతవైద్యంలో ప్రవేశించాయి. వాటిలో కొన్నిటిని ఇలా అచ్చుపోశారు, కొన్నిటిని చెక్కారు. అందంగా ఉండటంతో గిరాకీ పెరిగింది. చికిత్స ముగిసి బిళ్ళను తీసే రోజున అసలు సమస్య బయటపడింది. స్టీలు బిళ్ళను నొక్కితే వంగి ఊడివస్తుంది. అల్యూమినా వంగదు, ఆ బలమంతా పంటిమీదికి పోతుంది. తొలినాటి బిళ్ళలను రసాయన బంధంతో మరీ దృఢంగా అతికించడం వల్ల కొందరికి ఎనామెల్ ముక్కలు కూడా ఊడివచ్చాయి. కింది పళ్ళకు ఈ బిళ్ళలు అతికించినప్పుడు, కొరికేటప్పుడు వాటికి తగిలిన పై పళ్ళు అరిగిపోయాయి. తయారీదారులు పాఠం నేర్చుకొని, బిళ్ళ అడుగున గాడులు పెట్టి, తీసేటప్పుడు సులభంగా విడిపోయే రకాలను రూపొందించారు.

ఇంజిన్లో గుణమైన కాఠిన్యం నోటిలో దోషమైంది. ఎనామెల్‌ను నిర్మించే కణాలు పన్ను బయటకు రాకముందే నశిస్తాయి. కాబట్టి పోయిన పొర మళ్ళీ పెరగదు.

సిరామిక్ క్లిప్పులు వద్దని నేను చెప్పడం లేదు. వేయించుకునే ముందు వైద్యుణ్ణి మూడు విషయాలు అడగండి. పై పళ్ళు కింది బిళ్ళలకు తగులుతాయా? పగిలిన, పెద్ద ఫిల్లింగ్ ఉన్న పళ్ళకు వీటిని అతికించవచ్చునా? చివర ఏ విధంగా తీస్తారు? బిళ్ళ వదులైతే ఇంట్లో పీకకండి. వైద్యుని వద్దకే వెళ్ళండి.