పెరటి చరిత్ర

ఇంటికి ముంగిలి యెట్టిదో పెరడును అట్టిదే. అయినను ముంగిలికి జేయు మర్యాదలో పదియవ వంతైనను మనము పెరటికి జేయుట లేదు. ముంగిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుదుము. పండుగ వచ్చినచో గడపకు పసుపు పూసి మామిడాకుల తోరణము గట్టుదుము. పెరటిలోనో, విరిగిన మంచపుకోళ్లు, కారిపోవు గంగాళములు, తుప్పు పట్టిన రేకులు, ఇల్లు గట్టగా మిగిలిన యిసుక, దానిపై మొలచిన పిచ్చిమొక్కలు. వచ్చిన చుట్టమును వీధిగదిలో గూర్చుండబెట్టి పెరటితలుపు దగ్గరగా వేయుదుము. చరిత్రకారులును మనవంటివారే. కోటల సింహద్వారములను గూర్చి గ్రంథములు వ్రాసిరి. ఇంటి వెనుక జరిగినదానిని విచారించినవారు కొలదిమంది. ఆ కొరతను గొంతవరకైనను దీర్చుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ విషయమున నాకు శ్రద్ధ గలుగుటకు గారణము మా నాయనమ్మ. ఆమె యిరువదియైదేండ్ల ప్రాయమున భర్తను గోల్పోయెను. అటుపిమ్మట నేబదియేండ్లు జీవించెను. ఆ యేబదియేండ్లును ఆమెకు మా పెరడే లోకము. శుభకార్యమునకు బయలుదేరువారికి ఎదురుపడగూడదని ఆమె వీధియరుగు మీదికి రాలేదు; ఎవరును రమ్మనలేదు. నూతి చప్టాపై గూర్చుండి కూరలు దరుగుచు, సన్నజాజి పందిరికి నీళ్లు పోయుచు నుండెడిది. నేను పదియేండ్లవాడనై యుండగా ఆమె గతించెను. నాలుగైదేండ్లకే పందిరి యెండిపోయెను, నుయ్యి పూడిపోయెను, పెరడు పెంటదిబ్బ యయ్యెను. పెరడు పాడగుట చూచి మాయింట నందరును విచారించిరి. ఆమె యేబదియేండ్లు అందే గూర్చుండవలసివచ్చినదని మాత్రము ఎవరును విచారించినట్లు నాకు జ్ఞాపకము లేదు. కావున పెరటి చరిత్ర యనగా చెట్ల చరిత్ర మాత్రమే కాదనియు, అందెవరు పనిచేసిరి, ఎవరు గూర్చుండిరి, ఎవరి యిష్టముచే గూర్చుండిరి అను ప్రశ్నల చరిత్రయనియు నాకు దోచినది.

మన ప్రాచీనులు పెరటిని అలక్ష్యము చేసినవారు కారు. క్రీస్తుశకము మూడవ శతాబ్ది ప్రాంతమువాడని పండితులు తలచు వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని గృహమును వర్ణించుచు, ఇంటిని చేర్చి వృక్షవాటిక యుండవలెననెను. అందు చిక్కని నీడలో నుయ్యెల, పూలు రాలిన తిన్నె యుండవలెనట. నేడు విదేశములవారు ఆరుబయటి గది యని దేనిని మెచ్చుకొనుచున్నారో అది మనకు క్రొత్తది కాదన్నమాట. అదే గ్రంథమున భార్యాధికరణమను వేరొక భాగము కలదు. అందు గృహిణి కూరపాదులను, చెరకును, జీలకర్రను, ఆవాలను, సోపును నాటవలెను. ఉసిరికను, మల్లెను, జాజిని, నందివర్ధనమును, మందారమును, వట్టివేరును బెంచవలెను. వాటిక నడుమ నుయ్యియో కొలనో త్రవ్వింపవలెను. ఈ రెండు భాగములను ప్రక్కప్రక్కన బెట్టి చదివినచో నొక సంగతి తెలియును. తోట యొక్కటే. ఒక యధ్యాయమున పురుషుడు నుయ్యెలపై గూర్చుండియున్నాడు. మరియొక యధ్యాయమున స్త్రీ పాదులు త్రవ్వుచున్నది. తిన్నెలను దీర్పించునది గూడ నామెయే. వానిపై నామె తీరికగా గూర్చుండు సమయమును మాత్రము శాస్త్రకారుడు ప్రత్యేకించి విధింపలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము వేరు దృష్టితో నింటి వెనుకను జూచినది. మూడవ యధికరణమున గృహవాస్తుకమును జెప్పుచు, మురుగుకాలువ, చెత్తగుంట, నుయ్యి మొదలగువానిని ఇంటికి దగినచోటనే యేర్పరుపవలెననియు, ఒకని నీరు పొరుగువాని గోడకు హాని చేయరాదనియు, తప్పినవారు దండనార్హులనియు విధించెను. బాలింతరాలి కొరకు పది దినములు త్రవ్వుకొను గుంటకు మాత్రము మినహాయింపు నిచ్చెను. సుమారు రెండువేల యేండ్ల ప్రాచీనత గల శాసనగ్రంథమున నింత సూక్ష్మమైన దయ కనబడుట సామాన్యము కాదు. పెరడు ఒక్కయింటి సొంత వ్యవహారము కాదనియు, దాని మురుగు పొరుగువాని యారోగ్యమును దాకుననియు నాడే గ్రహించిరి.

ఇట్టి పెరడు క్షీణించుటకు గారణములు పెక్కులు. ఆస్తులు పంచుకొన్నప్పుడు పెరడు ముక్కలయ్యెను. కుళాయి వచ్చిన పిమ్మట నూతితో బని లేకపోయెను. పశువులు పోగా కొట్టము పాతసామానుల కొట్టు అయ్యెను. వీనికంటె లోతైన కారణము మరియొకటి. మన పట్టణములలో పెరటి గోడకు నావల నొక సందు, ఆ సందులోనికి నొక చిన్న తలుపు ఉండెడివి. వీధిగుమ్మము త్రొక్కనీయని మనుష్యులు ఆ తలుపున వచ్చి మన మలమును తలపై నెత్తుకొని పోయెడివారు. అట్టి పనికి మనుష్యులను నియోగించుటను నిషేధించుచు 1993లో నొక చట్టమును, 2013లో దానికంటె గట్టిదియగు మరియొక చట్టమును వచ్చినవి. ఏ పని కంట బడగూడదని కోరితిమో, ఏ మనుష్యులు కంట బడగూడదని కోరితిమో, వారినందరిని మనము ఇంటి వెనుకకు ద్రోసితిమి. అట్టి చోటు అందముగా నుండవలెనని కోరుట యెట్లు?

కంటికి దూరముగా నుంచినంతమాత్రమున కీడు తొలగిపోదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు, మలేరియా రోగి రక్తమును ద్రావిన యనాఫిలిస్ దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమి పెరుగుటను సూక్ష్మదర్శినితో గనుగొనెను. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమాన మతనికి లభించెను. లోకమునకు జ్వరమూలమును దెలిపిన కీర్తి తెలుగుదేశపు గడ్డకు దక్కినది. పాఠమును మాత్రము మనమే సరిగా నేర్చుకొనలేదు. నేడు డెంగీని వ్యాపింపజేయు దోమ పాత టైరులలో, కొబ్బరిచిప్పలలో, మూతలేని తొట్లలో నిలిచిన స్వచ్ఛమైన నీటిలోనే పుట్టుచున్నది. పెరటిలో బారవైచినది మంచముదాక తిరిగి వచ్చుచున్నది.

పాడుపడిన పెరళ్లను మనుష్యులు గూర్చుండదగిన తావులుగా మార్చిన ప్రయత్నములలో మిక్కిలి ప్రసిద్ధమైనది లండను నగరమున జరిగినది. ఆక్టేవియా హిల్ అను నామె 1838లో జన్మించెను. 1865లో జాన్ రస్కిన్ ధనసహాయముచే మారిలెబోన్ ప్రాంతమున బీదలు కాపురముండు కొన్ని యిండ్లను స్వీకరించి బాగుచేయ నారంభించెను. మరుసటి యేట ఫ్రెష్‌వాటర్ ప్లేస్ అనుచోట మరికొన్ని యిండ్లు లభించినవి. వాని యెదుటి స్థలమున కూలిన పశువుల కొట్టములును పేడకుప్పలును దప్ప మరేమియు లేవట. ఈ వర్ణనము చదివినప్పుడు నాకు లండను జ్ఞప్తికి రాలేదు, మాయూరు జ్ఞప్తికి వచ్చినది. ఆమె యా స్థలమును శుభ్రము చేయించి పిల్లల యాటస్థలముగా మార్చెను. రస్కిన్ చెట్లు నాటించెను.

ఆమె యభిప్రాయమున బీదలకు నాలుగు విధములైన బయలు కావలెను: కూర్చుండుటకు, ఆడుకొనుటకు, నడచుటకు, ఒక దినమంతయు గడపుటకు. వీనిలో కూర్చుండుటకు దగిన చిన్నతావు ఇంటికి అతి సమీపమున నుండవలెనని ఆమె పట్టుదల. అట్టి తావులను ఆమె బీదల యారుబయటి కూర్చుండు గదులని చెప్పెడిది. ఒక్క గదిలో నారుగురు కాపురముండు కుటుంబమున దల్లికి నొంటరిగా గడియసేపు గూర్చుండు చోటు లేకపోవుట యెంతటి లేమియో ఆమె యెరుగును. 1887లో సదర్క్ ప్రాంతమున, తగులబడిన కాగితపు కర్మాగారపు బూడిద పేరుకొనియున్న స్థలమున రెడ్‌క్రాస్ తోటను ఏర్పరచెను. బూడిద నెత్తించి, కొలనును, మలుపులు దిరిగిన బాటలను, పూలమళ్లను, బల్లలను అమర్చి, ప్రక్కనే చిన్న యిండ్లను గట్టించెను. 1895లో నేషనల్ ట్రస్టును స్థాపించిన మువ్వురిలో నామె యొకతె, 1912లో గతించెను. ఇరువదవ శతాబ్దిలో నా తోట తన రూపమును గోల్పోయినను, 2006 నాటికి పూర్వపు తీరున బునరుద్ధరింపబడినది.

ఆమె పద్ధతిని ఎడింబరో నగరమున ననుసరించినవారిలో పాట్రిక్ గెడ్డిస్ ముఖ్యుడు. ఇతడు 1854లో పుట్టినవాడు, వృత్తిచే వృక్షశాస్త్రోపాధ్యాయుడు. 1886లో ఆనా మోర్టన్ అను విదుషిని వివాహమాడిన కొలదికాలమునకే, సుఖమైన యిల్లు విడిచి, పాతపట్టణమున మురికివాడగా మారిన జేమ్సు కోర్టులో గాపురము పెట్టెను. దంపతులు తామే చీపురు, సున్నపు కుంచె పట్టి పనికి దిగిరి. పొరుగువారు మొదట వింతగా జూచి పిదప చేయి కలిపిరి. తరువాతి కాలమున అతని యనుచరులు పాతపట్టణపు సందులలోను ఇండ్ల వెనుకను వ్యర్థముగా బడియున్న 75 ఖాళీస్థలములను లెక్కించిరి. అవి యన్నియు గలిసి సుమారు 10 ఎకరములు. వానిలో గొన్నిటిని పిల్లలకును తల్లులకును తోటలుగా మార్చిరి. అతని కూతురు నోరా యా తోటల రచనయందు ప్రధానముగా బనిచేసెను. వానిలో జాన్‌స్టన్ టెర్రస్ తోట నేటికిని కలదు.

గెడ్డిస్ పేరు మనకు సంబంధించినదగుట యిటుపైని. మద్రాసు గవర్నరు పెంట్‌లండు ప్రభువు ఆహ్వానముపై 1914లో నతడు హిందూదేశమునకు వచ్చెను. పట్టణనిర్మాణమును జూపు అతని ప్రదర్శన సామగ్రిని మోసికొనివచ్చు నౌకను, మద్రాసుపై గుండ్లు గురిపించిన యా ఎండెన్ నౌకయే సముద్రమున ముంచివేసెను. అయినను క్రొత్తసామగ్రి సమకూర్చుకొని 1915 జనవరిలో మద్రాసున ప్రదర్శనము జరిపెను. పిమ్మట మద్రాసు రాజధానిలోని పట్టణములను దిరిగి చూచెను. తంజావూరు కోటలో నిండ్లను గూల్చి తిన్నని వీథులు దీయవలెనని యధికారులు తలపెట్టగా, అతడు కాదనెను. పాడుపడిన కొలది యిండ్లను మాత్రము తీసివేసి, ఖాళీస్థలములను గలుపుకొని, చెట్లు నాటి, వెలుతురును గాలిని లోనికి రానిచ్చిన జాలుననెను. మంచి శస్త్రవైద్యుడు రోగిష్ఠి భాగమునే కోయును గాని దేహమును గోయడని యతని మతము.

ఇందూరు సంస్థానమున నతడు చేసిన పని మరింత విచిత్రము. ఆ నగరమును గూర్చి యతడు వ్రాసిన నివేదిక 1918లో ప్రకటితమైనది. ప్లేగును మలేరియాను ప్రజలు భయపడుచుండగా, దీపావళి యూరేగింపును తన వశము చేయుమని సంస్థానాధీశుని గోరెను. ఊరేగింపు అలవాటైన వీథులలో గాక, ఏ వీథులవారు ఇండ్లను పరిసరములను చక్కగా శుభ్రపరచుకొందురో ఆ వీథులలోనే పోవునని చాటించెను. ఇక జనులు చేసిన పని చెప్పనేల? ఏండ్ల నాటి చెత్త బండ్లకెక్కినది. ఊరేగింపులో ప్లేగు ఎలుక బొమ్మ, మురికి రాక్షసుని బొమ్మ నడచినవి. వానితోపాటు తెల్లని వస్త్రములు ధరించి, పూలదండలతో, నగరపు పాకీవారు నడచిరి. కడపట ప్రజలకు తులసిమొక్కలు పంచిపెట్టిరి. ఇంటి వెనుకసందున రావలసినవారు ఆ దినమున రాజవీథిని గౌరవముతో వచ్చిరి. ఒక్కదినపు గౌరవము చాలదనుట నిజమే; అయినను వెనుకతలుపునకును పెరటి మురికికిని గల సంబంధమును అతడు కనిపెట్టెననుట యంతకంటె నిజము. ఆ పరిశ్రమ నడుమనే 1917లో నతని పెద్దకుమారుడు ఐరోపా యుద్ధమున మడిసెను. ఆనా రోగగ్రస్తయై కలకత్తాలో మరణించెను. కుమారుని మృతివార్త యామెకు దెలియనే లేదు.

చదువరులారా, ఈ చరిత్రవలన దేలినదేమి? పెరటిని బాగుచేయుటకు ధనము ముఖ్యము కాదు. మొదట చెత్త తీయవలెను. పిదప నీటికి దారి చూపవలెను. ఆ పిదప నీడను, కూర్చుండుటకు చోటును గల్పింపవలెను. పూలు చివర వచ్చును. మేడలలో నద్దెకుండి పెరడే లేనివారికి డాబాయు, మెట్లక్రింది చోటును, గోడ వెనుకటి నాలుగు గజములును కలవు. వీనియన్నింటికంటె ముందు, అక్కడ నెవరు గూర్చుందురను ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను. ఒకరు పనిచేయుటకును మరియొకరు గూర్చుండుటకును ఏర్పడిన పెరడు ఎంత యందమైనదైనను సగమే బాగుపడినది.

నిరుడు వేసవి సెలవులలో నేనును నా భార్యయు మా పెరటిని చక్కజేసితిమి. పదునాలుగు బండ్ల చెత్త పోయినది. పూడిన నూతిచుట్టు పాత చప్టా చెక్కుచెదరక బయటపడినది. దాని ప్రక్కన సన్నజాజి నాటితిమి. పాత్రలు తోము నీరు అరటిపాదులోనికి బోవునట్లు కాలువ తీసితిమి. మా తండ్రిగారు గతించి మూడేండ్లయినది. మా తల్లిగారు ఉదయమున వీధియరుగుపై గూర్చుండి పత్రిక చదువుదురు. పెండ్లివారు పోవుచున్నను లేచి లోనికి రారు. సాయంకాలము ఎండ తగ్గిన పిదప, ఇష్టమైనచో, తామే పెరటితలుపు తీసికొని వచ్చి చప్టాపై గూర్చుందురు. ఇష్టము లేనినాడు రారు.