హిమాలయ యాత్రలో కృష్ణ ఒడ్డు మజిలీ

నేపాల్, భూటాన్, టిబెట్ చూసి రావడానికి తెలుగువాళ్లు ఇప్పుడు గుంపులుగా బయల్దేరుతున్నారు. పశుపతినాథుడి గుడి, పారోలో కొండ అంచున కట్టిన ఆరామం, లాసాలో పోతలా, తిరుగు విమానం. ఆ కొండల్లోని బౌద్ధులు తలచుకునే యాత్ర మాత్రం ఎగువ నుంచి దిగువకు సాగుతుంది. అందులో పెద్ద మజిలీ మన అమరావతి, పాత ధాన్యకటకం.

దానికి కారణం కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథం. బుద్ధుడు శంభల రాజు సుచంద్రుడికి దాన్ని చైత్ర పున్నమినాడు అమరావతిలోని స్తూపం దగ్గరే బోధించాడని టిబెటన్ల నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకోరు. ఆ గ్రంథం వెలువడింది బుద్ధుడి తరవాత వెయ్యేళ్లు దాటాకే అంటారు. టిబెట్‌లో అరవై ఏళ్ల లెక్క మాత్రం ఆ తంత్రంతో పాటే, 1027తో మొదలైంది. మన పంచాంగంలో ప్రభవ వచ్చిన 1987లోనే అక్కడా కొత్త ఆవృత్తి ఆరంభమైంది. ఉగాదికి సంవత్సర ఫలాలు వినేవాళ్లలో ఎందరికి తెలుసో ఈ చుట్టరికం!

లాసా దగ్గర 1416లో కట్టిన డ్రెపుంగ్ మహావిహారానికి ధాన్యకటకం పేరే పెట్టుకున్నారు. ఆ కాలంలోనే వనరత్నుడనే పండితుడు ఈ దారంతా తిరిగాడు. 1384లో చిట్టగాంగ్ వైపు పుట్టి, సింహళంలో కొన్నేళ్లుండి, ధాన్యకటకంలో సాధన చేసి, 1426లో టిబెట్ చేరాడు. చివరికి నేపాల్‌లో స్థిరపడి 1468లో కన్నుమూశాడు. ఈ ప్రాంతాన్ని ఏలిన కొండవీటి రెడ్డిరాజులు శివభక్తులు కదా, అప్పటికి ఇక్కడ బౌద్ధం మిగిలిందా అనిపిస్తుంది. క్యాండీ దగ్గరి గడలదేణియ శాసనం చూస్తే ఆ అనుమానం తగ్గుతుంది. ధర్మకీర్తి అనే సింహళ భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని 1344 నాటి ఆ శాసనం చెబుతోంది.

తరవాత మరుపు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టిస్తుండగా స్తూపం దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. చెక్కుడు పలకలు చాలామటుకు చెన్నై ఎగ్మూరుకి, లండన్‌కి తరలిపోయాయి. ఇప్పుడున్నది గుమ్మటం లేని దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు.

2006 జనవరిలో దలైలామా ఆ ఊళ్లోనే కాలచక్ర దీక్ష ఇచ్చారు. టిబెటన్లు, హిమాలయ ప్రాంతాల బౌద్ధులు వేలాదిగా వచ్చారు. జపమాలలు తిప్పుతూ స్తూపాన్ని కుడివైపు ఉంచి ప్రదక్షిణలు చేశారు. డ్రెపుంగ్ నుంచి కూడా భిక్షువులు రావడానికి ఇప్పుడు మంచుకొండలు దాటక్కర్లేదు. 1959 తరవాత దేశం విడిచి వచ్చినవాళ్లు ఆ విహారాన్ని అదే పేరుతో కర్ణాటకలోని ముండగోడులో మళ్లీ నిలబెట్టారు.