గాడికి రెండు గోడలు: స్టీరియో యాంప్లిఫయర్, హోమ్ థియేటర్ రిసీవర్ దారులు వేరైన చరిత్ర

పాటలు వినడానికీ సినిమాలు చూడడానికీ ఇంట్లో మంచి ధ్వని పరికరం అమర్చుకోదలచిన వారి ముందు నేడు రెండు పెట్టెలు ఉంటాయి. రెండు స్పీకర్లను మాత్రమే నడిపే స్టీరియో యాంప్లిఫయర్ మొదటిది కాగా, ఐదు, ఏడు లేదా తొమ్మిది స్పీకర్లను నడుపుతూ టీవీకి చేరవలసిన బొమ్మను కూడా తన గుండానే పంపే హోమ్ థియేటర్ రిసీవర్ రెండవది. ధరలనూ వాట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఎంపిక తేలిపోతుందని చాలామంది భావిస్తారు గాని, అసలు ఈ రెండు పెట్టెలు ఎందుకు వేరయ్యాయో తెలియకుండా ఆ లెక్కలకు అర్థం ఏర్పడదు. మనిషికి రెండు చెవులున్నాయి కనుక రెండు స్పీకర్లే సహజమన్న వాదన తరచు వినిపిస్తుంది. చరిత్ర దానిని సమర్థించదు. ఇళ్లలో స్పీకర్లు రెండుగా స్థిరపడడానికి కారణం చెవుల సంఖ్య కాదు, గ్రామఫోన్ రికార్డు గాడికి రెండు గోడలు మాత్రమే ఉండడం.

స్టీరియో ఆలోచన సినిమాహాలుతో ముడిపడి పుట్టింది. తెర మీద నటుడు ఒక పక్క నుంచి మరో పక్కకు నడుస్తున్నా అతని గొంతు మాత్రం ఒకే చోటి నుంచి రావడం లండన్‌లోని ఈఎంఐ సంస్థ ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్‌ను ఆలోచింపజేసిందని చెబుతారు. ఆయన 1931 డిసెంబరులో దాఖలు చేసిన పేటెంట్‌లో రెండు మైకులతో ధ్వనిని పట్టే పద్ధతితో పాటు, ఆ రెండు ధ్వనులను ఒకే గాడిలో, ఒక్కో గోడ మీద ఒక్కొక్కటిగా చెక్కే పద్ధతి కూడా ఉంది. 1942లో రాడార్ పరీక్షలు జరుపుతున్న విమానం కూలి ఆయన మరణించారు. తాను ఊహించిన రికార్డు అంగడికి రావడం ఆయన చూడలేదు.

అదే కాలంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు మరో నిర్ణయానికి వచ్చాయి. హార్వే ఫ్లెచర్ నాయకత్వంలో అక్కడి పరిశోధకులు 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోను తీగల మీదుగా వాషింగ్టన్‌లోని సభాభవనానికి చేర్చి శ్రోతలకు వినిపించారు. ఆర్కెస్ట్రా ప్రధాన సంచాలకుడు స్టొకోవ్‌స్కీ ఆనాడు వేదిక మీద లేరు. ఆ బాధ్యతను మరొకరికి అప్పగించి, తాను వాషింగ్టన్‌లో కూర్చుని ధ్వని హెచ్చుతగ్గులను స్వయంగా సరిచేశారు. ఆ ప్రదర్శనలో వాడినవి రెండు చానెళ్లు కావు, మూడు: ఎడమ, నడిమి, కుడి. నడిమి స్పీకర్ ఎందుకు అవసరమైందో గ్రహిస్తే తరవాతి చరిత్ర చాలావరకు బోధపడుతుంది. రెండు స్పీకర్ల నుంచి ఒకే గొంతు సమానంగా వచ్చినప్పుడు, వాటికి సమదూరంలో కూర్చున్న వ్యక్తికి ఆ గొంతు ఖాళీగా ఉన్న నడిమి చోటు నుంచి వచ్చినట్టు తోస్తుంది. అయితే ఆ వ్యక్తి ఒక పక్కకు జరిగితే, దగ్గరి స్పీకర్ ధ్వని ముందుగా చెవిని చేరడం వల్ల గొంతు మొత్తం అటే ఒరిగిపోతుంది. ఒక్కరు వినే గదిలో ఇది పెద్ద లోపం కాదు గాని, వందలమంది కూర్చునే హాలులో దీనితో సరిపెట్టుకోవడం సాధ్యం కాదు. 1953లో సినిమాస్కోప్‌తో వచ్చిన ‘ది రోబ్’ చిత్రానికి తెర వెనుక మూడు, ప్రేక్షకుల చుట్టూ ఒకటి కలిపి నాలుగు ధ్వని చానెళ్లు ఉన్నాయి; తెర వెనుక నడిమి చానెల్ ఉండడానికి కారణం ఇదే.

ఇళ్లకు స్టీరియో చేరిన దారి మాత్రం రికార్డు గాడి. 1957లో అమెరికాలోని వెస్ట్రెక్స్ సంస్థ గాడి గోడలను చెరొక 45 డిగ్రీల వాలులో చెక్కే పద్ధతిని ప్రదర్శించగా, మరుసటి ఏడాదికే స్టీరియో రికార్డులు విరివిగా అమ్మకానికి వచ్చాయి. ముల్లు ఆ రెండు వాలుల కదలికలను వేరువేరుగా పట్టగలదు. మూడవ గోడ లేదు కనుక మూడవ చానెల్‌కు చోటు లేకపోయింది. బెల్ పరిశోధకులు కోరుకున్న నడిమి స్పీకర్ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా ఒకే చానెల్‌తో ఉన్న యాంప్లిఫయర్లు జంటగా మారి, పాటను ఎంచుకునే, ధ్వనిని హెచ్చించి తగ్గించే ముందు భాగమూ, స్పీకర్‌ను కదిలించే శక్తినిచ్చే వెనుక భాగమూ ఒకే పెట్టెలో ఇమిడిన ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ ఇళ్లలో స్థిరపడింది. దానికి రేడియోను కూడా జోడించిన పెట్టెకే రిసీవర్ అన్న పేరు వచ్చింది. నేటి హోమ్ థియేటర్ రిసీవర్‌లో రేడియోను వినేవారు అరుదైనా ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

1970ల ఆరంభంలో ఇంట్లో నాలుగు స్పీకర్లు పెట్టించాలని రికార్డు సంస్థలు చేసిన ప్రయత్నం విఫలమైంది. ఎస్‌క్యూ, క్యూఎస్, సీడీ-4 అన్న మూడు పద్ధతులు ఒకదానితో ఒకటి పొసగకపోవడం ఒక కారణమైతే, నాలుగు ధ్వనులనూ మళ్లీ అదే గాడిలో కుక్కవలసి రావడం అంతకన్నా మౌలికమైన కారణం. ఆ ఓటమి తరవాత స్టీరియో యాంప్లిఫయర్‌కు ఎదురులేకపోయింది. 1978లో వచ్చిన నాడ్ 3020 యాంప్లిఫయర్ కాగితం మీద చానెల్‌కు 20 వాట్లదే అయినా, తక్కువ ధరలో ఎంత శ్రద్ధగా పరికరాన్ని తయారుచేయవచ్చో చూపి ప్రపంచమంతటా అమ్ముడైంది.

ప్రత్యర్థి పుట్టింది సినిమా ఫిల్ము అంచు మీదనే. డాల్బీ స్టీరియో పద్ధతి ఎడమ, నడిమి, కుడి, చుట్టూ అన్న నాలుగు ధ్వనులను గణితపరంగా కలిపి రెండు ధ్వని చారలుగా ముద్రించి, హాలులో మళ్లీ విడదీసేది. 1977లో ‘స్టార్ వార్స్’ దీనికి విశేష ప్రచారం తెచ్చింది. ఈ పద్ధతిలో వచ్చిన చిత్రాలు వీడియో టేపుల మీదికి ఎక్కినప్పుడు ఆ రెండు చారలూ యథాతథంగా ఇళ్లకు చేరాయి. అంటే అటువంటి స్టీరియో టేపు కొన్న ప్రతి ఇంట్లోనూ, ఎవరూ గమనించకుండానే, నాలుగు చానెళ్ల ధ్వని దాగి ఉంది. దానిని విడదీసే పరికరాలు 1982 నుంచి ఇళ్లకు వచ్చాయి. 1987 నాటి డాల్బీ ప్రో లాజిక్ పద్ధతి నడిమి చానెల్‌ను కూడా వెలికితీయడంతో బెల్ ప్రయోగశాలల మూడవ స్పీకర్ అర్ధశతాబ్ది తరవాత ఇంట్లో అడుగుపెట్టింది. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీలో చానెళ్లను కలిపి విడదీయవలసిన అవసరమే పోయి, ఐదు చానెళ్లూ విడివిడిగానే నిలిచాయి. వాటికి తోడుగా లోతైన ధ్వనులకు మాత్రమే కేటాయించిన చానెల్‌ను ఐదు పాయింట్ ఒకటిలోని ఆ ‘ఒకటి’ సూచిస్తుంది.

చానెళ్లు పెరగడంతో పాత వాట్ల వివాదం మళ్లీ తలెత్తింది. 1960లలో క్షణకాలపు గరిష్ఠ శక్తిని చూపి అంకెలు పెంచే అలవాటు తయారీదారులలో ముదరడంతో, 1974లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ నిరంతరంగా ఇవ్వగల శక్తినే ప్రకటించాలని నియమం విధించింది. అటువంటి కట్టడి లేని చోట ఆ అలవాటు ఎంతదాకా పోగలదో, టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేసిన వందల వాట్ల అంకెలను చూసిన భారతీయ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రిసీవర్ల విషయంలో సమస్య మరింత సూక్ష్మమైనది: పెట్టె మీది అంకె చాలాసార్లు రెండు చానెళ్లను మాత్రమే నడిపి కొలిచినది కాగా, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడు చానెళ్లూ ఒకేసారి ఆధారపడినప్పుడు ఒక్కోదాని వాటా తగ్గుతుంది. అయినా దీనిని అతిగా చూడనవసరం లేదు. శక్తి రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్‌లే కనుక 80 వాట్లకూ 100 వాట్లకూ మధ్య భేదం చెవికి లీలగా మాత్రమే తెలుస్తుంది. అసలు భేదం, అదే ధరలో ఒక తయారీదారు ఖర్చంతా రెండు చానెళ్ల మీద పెడుతుండగా మరొకరు దానిని ఏడు చానెళ్లకూ, బొమ్మను నడిపే చిప్పులకూ పంచవలసి రావడంలో ఉంది.

అంతమాత్రాన సంగీతానికి రిసీవర్ పనికిరాదనడం న్యాయం కాదు. స్పీకర్ ఒక మీటరు దగ్గరైతే దాని ధ్వని సుమారు 3 మిల్లీసెకన్లు ముందుగా చేరుతుంది. రిసీవర్‌తో వచ్చే చిన్న మైకును కూర్చునే చోట పెడితే అది ఈ తేడాలను కొలిచి, దగ్గరి స్పీకర్‌ను ఆపి వినిపించడంతో పాటు, గది గోడల వల్ల మోతగా మారిన లోతైన స్వరాలను కూడా తగ్గిస్తుంది. స్పీకర్ల సంఖ్య కంటే ఇదే రిసీవర్ ఇచ్చిన పెద్ద వరమని చెప్పాలి. దాని అసలు బలహీనత ఆయుష్షు. బొమ్మనూ ధ్వనినీ కలిపి మోసే, 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ తీగ ప్రమాణాలు మారుతున్న కొద్దీ, 2014లో డాల్బీ అట్మాస్ ధ్వని పద్ధతి ఇళ్లకు చేరి పైకప్పు స్పీకర్లను కోరిన కొద్దీ, పాత రిసీవర్ చెడిపోకుండానే పాతబడింది. నాడ్ 3020లు మాత్రం ఇప్పటికీ పాడుతున్నాయి.

తెలుగునాట ఈ చరిత్ర కాస్త వేరుగా నడిచింది. దిగుమతుల మీద ఆంక్షలున్న కాలంలో విదేశీ యాంప్లిఫయర్ అందరికీ అందేది కాదు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, మద్రాసు రిచీ స్ట్రీట్‌లోనో విడిభాగాలు కొని స్థానిక మెకానిక్‌లు బిగించి ఇచ్చిన పెట్టెలు ఎన్నో ఇళ్లలో, హోటళ్లలో మోగాయి. వారి నోట నానిన, 4440 చిప్పుతో చేసిన యాంప్లిఫయర్ బోర్డు కూడా రెండు చానెళ్లదే. హాలులో మాత్రం 1986లో తొలి తెలుగు 70 ఎంఎం చిత్రమైన ‘సింహాసనం’ ఆరు ట్రాకుల ధ్వనితో వచ్చింది. హాలుకూ ఇంటికీ మధ్య దూరం ఆనాడు స్పీకర్ల సంఖ్యలోనే కనిపించేది.

ఇటీవల ఆ దూరం మరో విధంగా తగ్గుతోంది. 2019లో వచ్చిన మరాంట్జ్ ఎన్‌ఆర్1200 ఐదు హెచ్‌డీఎంఐ ప్రవేశాలున్న రిసీవరే అయినా నడిపేది రెండు చానెళ్లనే. టీవీ ముందు ఒకరిద్దరే కూర్చునే ఇంటికి అది చాలు. గది నిండా కుటుంబం పరుచుకుని కూర్చునే ఇంటికి నడిమి స్పీకర్ లేని లోటు తెలుస్తుంది. ఆ లోటు సినిమా సంభాషణలకే పరిమితం కాదు. 1974లో మరణించిన ఘంటసాల పాటలు దాదాపుగా అన్నీ ఒకే చానెల్‌లో రికార్డయినవి. స్టీరియో యాంప్లిఫయర్ వాటిని రెండు స్పీకర్లకూ సమానంగా పంచగా, సరిగ్గా నడుమ కూర్చున్న వ్యక్తికి మాత్రమే ఆ గొంతు ఎదురుగా నిలుస్తుంది. అవే పాటలను ప్రో లాజిక్ ద్వారా వినిపిస్తే, రెండు వైపులా సమానంగా ఉన్నదంతా నడిమిదేనని గ్రహించి రిసీవర్ ఆ గొంతును పూర్తిగా నడిమి స్పీకర్‌కే అప్పగిస్తుంది. గదిలో ఏ మూల కూర్చున్నవారికైనా అది అక్కడి నుంచే వినిపిస్తుంది.