కింజల్‌లో దాగిన తామర

సూరత్ గోడాదరా గల్లీల్లో పొద్దుగూకే వేళ పిల్లల్ని ఇంటికి పిలిచే కేకలు వింటే ఒక్కో ఇంటి ప్రయాణం తెలిసిపోతుంది. నానమ్మ పేరు రాజవ్వో లచ్చవ్వో అయివుంటుంది. కోడలు పద్మో స్వప్నో. మనవరాలు మాత్రం కింజల్, హేతల్, జిగ్నాషా.

సాంచాల (మరమగ్గాల) పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల ఇళ్లివి. పాత పేర్లలో మొక్కులున్నాయి. వేములవాడ రాజన్నకు మొక్కితే రాజవ్వ, కొమురవెల్లి మల్లన్నకు మొక్కితే కొమురవ్వ, మేడారం వెళ్లొస్తే సమ్మక్క. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎత్తుకుని పెంటమ్మ అనేవారు. చావు కన్ను పడకూడదని. గుజరాతీ పల్లెల్లోనూ ఇదే భయంతో మగపిల్లలకు ‘కచరో’ అని పెట్టారు, చెత్త అని. ఈ పేర్లు విని నవ్వేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బిడ్డ బతికితే చాలని పెట్టిన పేర్లు అవి.

గుజరాత్ వచ్చాక కాగితాల్లో ‘అవ్వ’ పోయి ‘బెన్’ చేరింది. తెలంగాణలో అవ్వ అంటే తల్లి. బెన్ అంటే తోడబుట్టింది, ‘భగిని’ నోళ్లలో అరిగి అరిగి మిగిలిన మాట.

గుజరాతీల ఇళ్లలో ఆరో రోజు ఛఠీ. విధాత వచ్చి నుదుటిరాత రాస్తుందని ఆ రాత్రి తెల్లకాగితం, కలం పెట్టి ఉంచుతారు. పేరు పెట్టే హక్కు ‘ఫోయి’ది, అంటే మేనత్తది. బిడ్డను గుడ్డలో పడుకోబెట్టి, నాలుగు కొసలూ పట్టుకుని ఊపుతుంటే ఆమె పేరు పలుకుతుంది. మనవాళ్లు ఇరవై ఒకటో రోజు తొట్లె కట్టి, పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాస్తారు. పక్కింటి ఫోయి నోట విన్న పేరే ఒకనాడు మన బియ్యంలోకి దిగింది.

‘ఇదేం పేరు, మన దేవుడిది కాదు, మన భాషది కాదు’ అని పెద్దలు అడ్డం తిరుగుతారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక రాయించుకోవచ్చు. నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. కొన్ని ఇళ్లలో వాదన ఆ ఏడాది పొడుగునా సాగుతుంది.

ఆ పెద్దలకు నేను చెప్పాలనుకునేది ఒకటుంది. కింజల్కం అనే సంస్కృతపు మాట మన నిఘంటువుల్లోనూ ఉంది. అంటే తామరపువ్వు నడుమ సన్నగా, పసుపుపచ్చగా నిలిచే కేసరాలు. తెలుగు దాని చివర సున్నా పెట్టి ఉంచుకుంది. గుజరాతీ కొసన ఉన్న ‘క’ను వదిలేసి, మిగిలిన దాన్ని ఆడపిల్లకు పెట్టుకుంది. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేశాడన్నది పద్మశాలీల కులపురాణం. ఆ కులంలో పుట్టిన పిల్లకు తామర కేసరం కంటే దగ్గరి పేరేముంటుంది?

జిగ్నాషా కూడా మన జిజ్ఞాసే. గుజరాతీ నోట ‘జ్ఞ’ ‘గ్న’ అవుతుంది. మనం వ్యాసాలకే వదిలేసిన మాటను వాళ్లు ఉయ్యాలలో ఊపుతున్నారు. తెలుసుకోవాలనే ఆశను ఆడపిల్లకు పేరుగా పెట్టడం నాకెంతో నచ్చింది.

నోళ్లలో మారి పుట్టిన పేర్లు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. ఇంగ్లండులో ఒక చిన్నపిల్ల, రచయిత జె.ఎం.బారీని ‘ఫ్రెండ్’ అనబోయి, నోరు తిరగక ‘ఫ్వెండీ’ అనేది. ఆమె పసితనంలోనే పోయింది. 1904లో బారీ ‘పీటర్ పాన్’ నాటకంలో అమ్మాయికి వెండీ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఇంగ్లీషు ఇళ్లలో ఎందరో వెండీలు పుట్టారు.

గోడాదరాలోనూ పేరు ఇంకా మారుతూనే ఉంది. నానమ్మ నోట కొసన పొల్లు నిలవదు. గడపలో కూర్చుని చీరకు చెమ్కీలు అంటిస్తూనే, తలెత్తకుండా పిలుస్తుంది: ‘ఓ కింజలవ్వా, ఇటు రాయే బిడ్డా!’