సాల్మన్ పరిశోధనలో గణాంకవేత్త

ఏటికి ఎన్ని సాల్మన్ చేపలు తిరిగొచ్చాయి, వాటిలో ఎన్ని పట్టుకోవచ్చు, గుడ్లు పెట్టడానికి ఎన్ని వదలాలి అన్న లెక్క తేల్చే శాస్త్రవేత్త. సాల్మన్ మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్ల కోసం సాధారణంగా పుట్టిన ఏటికే ఎదురీదుతుంది. పసిఫిక్‌లోని సాకై రకం గుడ్లు పెట్టాక చనిపోతుంది. అందుకే లెక్క తప్పితే దెబ్బ తర్వాతి తరానికి తగులుతుంది.

పని ఏటి ఒడ్డునే మొదలవుతుంది. అలాస్కాలో బ్రిస్టల్ అఖాతంలో కలిసే పలు నదుల ఒడ్డున మంచెలెక్కి, గంటకు 10 నిమిషాలపాటు పైకి పోయే సాకై చేపల్ని లెక్కపెడతారు. వచ్చిన అంకెను ఆరుతో హెచ్చిస్తారు. చూడని 50 నిమిషాల గురించి ఎంత నమ్మకంగా చెప్పవచ్చో తేల్చడమే అసలు నైపుణ్యం. చేప వయసు పొలుసు చెబుతుంది: సూక్ష్మదర్శిని కింద వలయాలు ఎడంగా ఉంటే చేప బాగా పెరిగిన వేసవి, ఇరుకుగా ఉంటే చలికాలం.

కెనడా శాస్త్రవేత్త విలియం ఎడ్విన్ రికర్ 1954లో ప్రకటించిన నమూనా ఈ రంగానికి పునాది. తల్లిచేపలు ఒక హద్దు దాటితే సంతతి పెరగకపోగా తగ్గుతుందని అది చూపింది. ఆలస్యంగా వచ్చిన చేపలు ముందువాటి గూళ్లను తవ్వేయడం ఒక కారణం.

నమూనా ఎంత గట్టిదైనా సముద్రం దానికి లొంగదు. కెనడాలోని ఫ్రేజర్ నదికి 2009లో కోటికి పైగా సాకై వస్తాయనుకుంటే 15 లక్షలకు అటూఇటూగా వచ్చాయి. 2010లో దాదాపు 3 కోట్లు. అంచనాతోపాటు దాని అనిశ్చితినీ చెప్పడం అందుకే తప్పనిసరి. సీజన్‌లో పరీక్ష వలలు వేసి, పడిన చేపలను బట్టి లెక్కను సవరిస్తూ పోతారు.