ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో కష్టం కొలత

తీరిక దొరికినప్పుడు ఓ గంట ఆడేవాళ్లూ, వారానికి నాలుగు రాత్రులు జాగారం చేసేవాళ్లూ ఒకే లోకంలో తిరిగే ఆటలు ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు. ఒంటరిగా ఆడే ఆటలో ఈ తేడాతో పేచీ లేదు. మొదట్లోనే ‘ఈజీ’యో ‘హార్డో’ ఎంచుకుంటే సరి, ఎవరి తెర వాళ్లది. ఇక్కడ మాత్రం బాస్‌ను చంపి తెచ్చుకున్న కత్తి నలుగురు తిరిగే చోట అందరి కంటా పడుతుంది. అది అందరికీ దొరికితే విలువ ఉండదు. కొందరికే దొరికితే మిగతావాళ్లు చందా మానేస్తారు. ఈ ముడి విప్పడానికి జరిగిన ప్రయత్నాల్లో ఎక్కువ భాగం, బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబర్ 23న విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చుట్టూనే నడిచింది.

అంతకుముందు ఆటలకు దయ తక్కువ. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో చచ్చిపోతే సంపాదించిన ఎక్స్‌పీలో (అనుభవ పాయింట్లలో) కొంత పోయేది. సామాను మొత్తం శవం మీదే ఉండిపోయేది. దాన్ని తెచ్చుకోవడానికి, తనను చంపిన రాక్షసుల మధ్యకే వట్టి చేతులతో మళ్లీ వెళ్లాలి. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో అసలు భయం తోటి ఆటగాళ్లే. దారికాచి దోచేవాళ్ల పోరు పడలేక 2000లో ఆ లోకాన్నే రెండు చేశారు: దోపిడీ సాగే ఫెలూకా, అది కుదరని ట్రామెల్. జనం ట్రామెల్‌కు తరలిపోయారు. పాత కాపులు ఆ చీలికను ఇప్పటికీ తిట్టుకుంటారు.

వార్‌క్రాఫ్ట్ తయారీలోనే ఒక చిన్న పాఠం దొరికింది. బీటా దశలో, ఎక్కువసేపు ఆడినవాడికి అలసట వచ్చినట్టు లెక్కగట్టి, అతని ఎక్స్‌పీని నూరు శాతం నుంచి సగానికి తగ్గించేవారు. గంటల తరబడి ఆడేవాళ్లు మరీ ముందుకు వెళ్లిపోకూడదన్నది ఉద్దేశం. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు పేర్లు మార్చారు. మొదటి రేటు ‘విశ్రాంతి తీసుకున్నందుకు రెండు వందల శాతం’, తగ్గిన రేటు ‘మామూలు నూరు శాతం’ అన్నారు. లెక్క అదే. శిక్ష అనుకున్నది బోనస్ అయ్యేసరికి గొడవ సద్దుమణిగింది. ఈ సంగతి చెప్పింది ఆ ఆట ముఖ్య రూపకర్త రాబ్ పార్డో.

పై మెట్లలో అంత సులువుగా కుదరలేదు. మోల్టెన్ కోర్ వంటి రెయిడ్‌కు, అంటే పెద్ద గుంపు కలిసి చేసే దాడికి, నలభై మంది కావాలి. అందులోని బాస్ అగ్నిరాజు రాగ్నరోస్‌ను మొదటిసారి 2005 ఏప్రిల్‌లో చంపారు, ఆట విడుదలైన 154 రోజులకు. 2006 ఆరంభంలో తెరుచుకున్న ఆన్‌కిరాజ్‌లో కథూన్ అనే బాస్‌ను చంపడం లెక్కప్రకారం అసాధ్యమని ఆటగాళ్లే తేల్చారు. బ్లిజార్డ్ సవరించాకే అది ఏప్రిల్ చివర్లో కూలింది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన నాక్స్‌రామస్ లోపలి గదులు చూసినవాళ్లు చాలా కొద్దిమంది. ఎన్నో నెలల శ్రమతో కట్టిన కోట, అత్యధికులకు కేవలం వినికిడి.

2007 జనవరిలో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ భాగం రెయిడ్‌ను ఇరవై అయిదుగురికి తగ్గించింది. పదిమందికి కరజాన్, అయిదుగురి గుంపులకు ‘హీరోయిక్’ డంజన్లు ఇచ్చింది. మరుసటి ఏడాది నవంబర్‌లో వచ్చిన రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ ప్రతి రెయిడ్‌నూ పది, ఇరవై అయిదు మందికి విడివిడిగా తెరిచింది. దాదాపు ఎవరూ చూడని నాక్స్‌రామస్‌నే తేలిక చేసి మళ్లీ ముందు పెట్టింది.

తర్వాత, 2009 ఏప్రిల్‌లో, ఉల్డువార్ అనే రెయిడ్ వచ్చింది. ఈ చరిత్ర మొత్తంలో తెలివైన జవాబు ఇదే. ఇక్కడ కష్టాన్ని మెనూలో ఎంచుకోరు, పోరాటం మధ్యలోనే కొనితెచ్చుకుంటారు. మిమిరాన్ అనే యంత్రనిర్మాత గదిలో గోడవారగా ఓ పెద్ద ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కవద్దన్న హెచ్చరికతో సహా. నొక్కకపోతే మామూలు పోరు. నొక్కితే ఆత్మవిధ్వంసానికి గడియారం మొదలవుతుంది, నేలమీద మంటలు పాకుతుంటాయి, దొరికే గేర్ మెరుగవుతుంది. చివరి బాస్ యాగ్-సారాన్ దగ్గర నలుగురు రక్షకులు సాయానికి సిద్ధంగా ఉంటారు. ఎంతమందిని వద్దంటే పోరు అంత కఠినం. నలుగురినీ వద్దని గెలిచిన తొలి గుర్తింపు తైవాన్‌లోని ‘స్టార్స్’ అనే గిల్డ్‌కు (ఆటగాళ్ల బృందానికి) జులైలో దక్కింది. మొదటిసారి వచ్చినవాడూ, ఆరితేరినవాడూ అదే గదిలో నిలబడి అదే బటన్‌ను చూస్తారు. వింతేమిటంటే, ఆగస్టులో వచ్చిన తర్వాతి రెయిడ్‌లోనే ఈ పద్ధతి వదిలేసి ‘నార్మల్’, ‘హీరోయిక్’ అని మెనూలో పెట్టేశారు.

ఐస్‌క్రౌన్ రెయిడ్‌లో ఇంకో ఉపాయం పన్నారు. ఆటగాళ్ల బలం కొన్ని వారాలకోసారి అయిదేసి శాతం పెరుగుతూ ముప్పై దాకా వెళ్లింది. ముందు వచ్చినవాడికి పేరు, వెనక వచ్చినవాడికి కథ ముగింపు.

2010 అక్టోబర్‌లో చందాదారులు కోటీ ఇరవై లక్షలు. డిసెంబర్‌లో వచ్చిన కాటక్లిజమ్‌లో డంజన్లను కావాలనే బిగించారు. ముక్కూమొహం తెలియని అయిదుగురిని కంప్యూటర్ జతచేస్తే, వాళ్లు గంటసేపు చచ్చి బతికి, ఒకరినొకరు తిట్టుకుని విడిపోయేవారు. సిస్టమ్స్ డిజైనర్ గ్రెగ్ స్ట్రీట్ 2011 జనవరిలో ఆ కష్టాన్ని సమర్థిస్తూ పెద్ద వ్యాసమే రాశాడు. ఆ తర్వాత తేలిక చేయక తప్పలేదు. ఆ నవంబర్‌కు చందాదారులు కోటీ మూడు లక్షలకు దిగారు. కారణం ఇదొక్కటే అనలేం, ఇది కాదనీ అనలేం.

అదే నెలలో ‘రెయిడ్ ఫైండర్’ వచ్చింది: గిల్డ్ అక్కర్లేదు, క్యూలో నిలబడితే చాలు, ఇరవై అయిదుగురు పోగవుతారు. తర్వాతి విస్తరణ మిస్ట్స్ ఆఫ్ పండారియా కాలానికి, ఓడిన ప్రతిసారీ గుంపు బలాన్ని అయిదు శాతం పెంచే ఏర్పాటూ చేశారు. ఆరితేరినవాళ్లు దీన్ని ఈసడించారు. పిల్లలు నిద్రపోయాక ఆటలోకి వచ్చేవాళ్లు మొదటిసారి చివరి బాస్ ముఖం చూశారు. 2014 నుంచి ప్రతి రెయిడ్‌కూ నాలుగు మెట్లు: రెయిడ్ ఫైండర్, నార్మల్, హీరోయిక్, మిథిక్. చివరిదానికి కచ్చితంగా ఇరవై మంది ఉండాలి. 2016లో వచ్చిన ‘మిథిక్ ప్లస్’లో అయిదుగురు గడువుతో పరుగెత్తుతారు. సకాలంలో ముగిస్తే, ఆ పరుగును తెరిచే తాళంచెవి మీది అంకె పెరుగుతుంది, దానితోపాటు కష్టమూ పెరుగుతుంది.

ఎదురుదారి పట్టినవాళ్లూ ఉన్నారు. 2014 జూన్‌లో వచ్చిన వైల్డ్‌స్టార్ అనే ఆట నలభై మంది రెయిడ్లే తన గొప్పని చాటుకుంది. 2018 నవంబర్‌లో మూతపడింది. ఫైనల్ ఫాంటసీ 14 మాత్రం కథను అందరికీ అందేలా ఉంచి, పైన ‘శావేజ్’, 2017 నుంచి ‘అల్టిమేట్’ అనే అంతస్తులు కట్టింది.

పాత కష్టంలో ఎంత భాగం నిజమైన కష్టమన్నది 2019 ఆగస్టులో తేలింది. వార్‌క్రాఫ్ట్ తొలి రూపాన్ని ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ విడుదల చేస్తే, ఏప్స్ అనే గిల్డ్ వారం తిరక్కుండానే రాగ్నరోస్‌ను చంపింది. బాస్ మారలేదు. పదిహేనేళ్ల కిటుకులన్నీ ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు.

2024 ఆగస్టు నాటి వార్‌క్రాఫ్ట్ విస్తరణ ద వార్ వితిన్‌తో ‘డెల్వ్స్’ వచ్చాయి. ఒక్కడే అయినా, బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్ అనే కంప్యూటర్ తోడుతో పదకొండు మెట్లు ఎక్కవచ్చు. మొదటి సీజన్‌లో ఎనిమిదో మెట్టు దాటాక గేర్ ఏమీ మెరుగయ్యేది కాదు. పై మూడూ సరదా కొద్దీ ఎక్కేవాళ్లకు.