ఇంటి వైఫైలో కొత్త పరికరాన్ని చేర్చడం

స్మార్ట్ బల్బు, ప్లగ్గు, కెమెరా వంటి పరికరానికి ఇంటి వైఫై పేరూ పాస్‌వర్డూ అందించి, దాన్ని ఇంటివాళ్ల ఫోను చెప్పినట్టు వినేలా చేసే తొలి ప్రక్రియ. వాడుకలో ‘పెయిర్ చేయడం’ అంటారు. బల్బుకు తెర ఉండదు, కీబోర్డు ఉండదు. పాస్‌వర్డును దాని చెవిన వేసేదెలా అన్నదే మొదటినుంచీ చిక్కు. ఈ వ్యాసంలో పద్ధతుల చరిత్రతో పాటు, పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణపు తెలుగు ఇళ్లకు వాటితో పడే పని కూడా చేర్చాం.

ఈ పనిని తేలిక చేయాలన్న తొలి పెద్ద ప్రయత్నం వైఫై అలయన్స్ తెచ్చిన వైఫై ప్రొటెక్టెడ్ సెటప్, పొట్టిగా డబ్ల్యూపీఎస్. ఇది 2006 నాటిదని కొందరు, 2007 నాటిదని కొందరు రాశారు. నిర్దేశ పత్రం 2006 చివర సిద్ధమైంది. పరికరాలకు ధ్రువీకరణ 2007 జనవరిలో మొదలైంది. జనం చేతికి వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటే రెండో తేదీ సమంజసం. రౌటరు మీది మీట నొక్కి, రెండు నిమిషాల్లోగా పరికరం మీటా నొక్కితే చాలు. మీట లేనిచోట ఎనిమిదంకెల పిన్.

ఆ పిన్‌లోనే లోపం ఉంది. 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబ్యోక్ దాన్ని బయటపెట్టాడు. చివరి అంకె, ముందున్న ఏడింటి నుంచి లెక్కకట్టే సరిచూపు అంకె మాత్రమే. పైగా మొదటి నాలుగంకెలు సరైనవో కావో రౌటరు విడిగా తెలియజేసేది. దాంతో పది కోట్ల ఊహలు పట్టాల్సిన చోట 10,000, 1,000 కలిపి 11,000 సరిపోయాయి. తప్పు పిన్ పదేపదే వచ్చినా చాలా రౌటర్లు తలుపు మూయకపోవడంతో కొన్ని గంటల్లోనే తాళం ఊడేది. మీట పద్ధతికి ఈ దోషం అంటదు. అయినా పేరు మొత్తానికి చెడిందనే చెప్పాలి.

తర్వాత రెండు దారులు వాడుకలోకి వచ్చాయి. ఒకదానిలో పరికరమే తాత్కాలికంగా ఒక చిన్న వైఫైగా మారుతుంది. ఫోను ఇంటి వైఫై వదిలి దానిలో చేరి పాస్‌వర్డు ఇవ్వాలి. ‘ఇంటర్నెట్ లేదు’ అంటూ ఫోను మధ్యలో మొబైల్ డేటాకు మళ్లిపోవడం ఇక్కడ తరచు ఎదురయ్యే ఇబ్బంది. రెండోది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి స్మార్ట్‌కాన్ఫిగ్, ఎస్ప్రెసిఫ్ వారి ఈఎస్పీ-టచ్ నడిచే దారి. ఫోను పంపే ప్యాకెట్ల లోపలి మాట కొత్త పరికరానికి అర్థం కాదు, పొడవు మాత్రం తెలుస్తుంది. ఆ పొడవుల్లోనే పాస్‌వర్డును అక్షరమక్షరంగా చెబుతారు. ఎంతో తెలివైన ఉపాయం. కానీ అదనపు రక్షణ లేకపోతే ఆ పొడవులు పక్కింటివారికీ తెలుస్తాయి.

ఈఎస్పీ8266 వంటి చౌక చిప్పులు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే వాటికి ఆ ప్యాకెట్లు వినపడవు. మన దేశంలో మొదటి పట్టీకి 2005 జనవరిలో లైసెన్సు మినహాయింపు వచ్చింది. రెండోది విస్తృతంగా తెరుచుకున్నది 2018 అక్టోబరులో. రెండు పట్టీల రౌటర్లు ఇళ్లకు చేరాక ‘కనెక్ట్ కావట్లేదు’ అన్న ఫిర్యాదు వెనుక ఈ కారణం తరచు కనిపిస్తుంది.

2018 జూన్‌లో ప్రకటించిన వైఫై ఈజీ కనెక్ట్, పరికరం మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివించే పద్ధతి. ఆండ్రాయిడ్ 10 దీనికి చోటిచ్చింది.

నేటి ప్రధాన ప్రమాణం మ్యాటర్. అమెజాన్, యాపిల్, గూగుల్, నాటి జిగ్‌బీ అలయన్స్ 2019 డిసెంబరు 18న ఈ ఉమ్మడి పనిని ప్రకటించాయి, 2021 మేలో ఈ పేరు ఖాయమైంది, 1.0 ప్రమాణం 2022 అక్టోబరు 4న వెలువడింది. క్యూఆర్ కోడ్ చదివించినా, 11 అంకెలు కొట్టినా, ఫోను బ్లూటూత్ ద్వారా పరికరాన్ని కలుస్తుంది. కోడ్‌లోని రహస్య సంఖ్య గాలిలోకి రాదు. అది తమకు తెలుసని రెండు వైపులా లెక్క ద్వారా రుజువు చేసుకుంటాయి. తర్వాత పరికరం తన తయారీ ధ్రువపత్రం చూపాలి. అప్పుడే వైఫై పాస్‌వర్డు దానికి అందుతుంది. 20 ప్రయత్నాలు విఫలమైతే పరికరం చేరిక స్థితి నుంచి తప్పుకుంటుంది. సింగిల్ లైను మీద టోకెన్ గోళం చేతికందనిదే డ్రైవరు బండి కదపని పద్ధతి తెలిసిన రైల్వే కుటుంబాలకు ఈ వరస కొత్త కాదు. డబ్ల్యూపీఎస్‌లో పని తగ్గించబోయి రహస్యమే బలహీనపడింది. మ్యాటర్ రహస్యాన్ని మనిషి జ్ఞాపకం నుంచి పరికరం మీది ముద్రకు మార్చింది. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు ముందడుగు ఇదే.

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడ్డాయి. మథురాకాటి, నింపురా వంటి కాలనీలు ఇందుకు పేరుపడ్డవి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. వైఫైకి తెలుగులో పేరు పెట్టాలంటే మాత్రం ఒక హద్దుంది. పేరుకు 32 బైట్లే చోటు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. ‘నింపురా’కు 21, ‘మథురాకాటి’కి 27 సరిపోతాయి, ‘మథురాకాటి ఇల్లు’ 43 అవుతుంది, పట్టదు. మామూలు ఇంటి వైఫై పాస్‌వర్డు 8 నుంచి 63 ఇంగ్లిషు కీబోర్డు గుర్తులతోనే ఉండాలి కనుక అక్కడ తెలుగుకు తావే లేదు. క్యూఆర్ పద్ధతి ఈ టైపింగు బాధను తప్పిస్తుంది; తెలుగే చదివే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న మేలు కాదు.

రైల్‌టెల్ వారి స్టేషను వైఫైలో బల్బును చేర్చలేం. అక్కడ మొబైల్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ దాటాలి. బల్బు ఆ పేజీ తెరవలేదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఈ అడ్డు ఉండదు.

బదిలీతో క్వార్టరు మారి కొత్త రౌటరు పెట్టుకునేవారు పాత పేరూ పాస్‌వర్డూ, భద్రతా రకం సహా, అలాగే ఉంచితే పరికరాలు చాలావరకు తమంతట తామే కలుస్తాయి. కోడ్ ముద్ర చెరిగిపోకముందే ఫోటో తీసి ఉంచాలి. పరికరాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు ఫోనులోని యాప్ నుంచి తీసేస్తే సరిపోదు: మ్యాటర్ పరికరం ఒకేసారి పలు సంస్థల యాప్‌లకు కట్టుబడి ఉండగలదు కనుక, దాని మీది రీసెట్ మీటతో అన్నిటినీ చెరపాలి.